ఛాయాపటములకు వెచ్చించు సొమ్ము

మన ద్రాక్షారామమునందును చుట్టుపట్ల గ్రామములందును ఏ పాత పెంకుటింటి సావడిలో నిలిచి గోడవంక చూచినను ఒక వింత సంగతి కనబడుచుండును. తాతగారి తెలుపునలుపు పటము డెబ్బది యేండ్లు గడచినను కనుముక్కుతీరు చెడక నిలిచియుండును. దాని ప్రక్కన 1970, 1980 ప్రాంతములలో తీయించిన తండ్రిగారి పెండ్లి పటము ఎఱ్ఱబారి, పెండ్లికూతురి చీర యేరంగుదో పోల్చుకొన వీలుకాకుండును. దాని ప్రక్కన మనుమని పటము ఉండనే యుండదు. అది సెల్‌ఫోనులో నున్నదని చెప్పుదురు. ఆ సెల్‌ఫోను ఏదని యడిగినచో పాడైపోయినదని చెప్పుదురు. పరికరములు తరతరమునకు మెఱుగగుచు వచ్చినవి. గోడమీద మిగులునది మాత్రము తఱుగుచు వచ్చినది. ఛాయాపటములకై మనము వెచ్చించు సొమ్ములో ఏది సద్వినియోగము, ఏది వృథా యను విషయమును ఈ వ్యాసమున విచారింప దలచితిమి. ఇరువది ముప్పది యేండ్ల పిమ్మట చూచుకొనుటకు మిగిలిన పటమునకే మేము విలువ కట్టుచున్నామని ముందుగనే మనవి చేయుచున్నాము.

మొదట తాతగారి పటము సంగతి. తెలుపునలుపు పటములో నల్లగా కనబడునది నిజమైన వెండి. కాంతి తగిలిన వెండి లవణము, డెవలపరను ద్రావకమువలన సన్నని లోహపు రేణువులుగా మారి, కాగితముపైనున్న జెలటిను పొరలో నిలిచిపోవును. హైపో అను మందు మిగులకుండ నీటితో బాగుగ కడిగినయెడల ఆ రేణువులకు నూఱేండ్ల ఆయువు పెద్దది కాదు. రంగుల పటములో నట్లుకాదు. పని ముగియునప్పటికి వెండిని పూర్తిగా తొలగింతురు. మిగులునవి మూడు విధములగు అద్దకపు రంగులు మాత్రమే. ఆనాటి కాగితములలో సయానను నీలివన్నె అద్దకము తక్కినవానికంటె ముందుగా వెలిసిపోయెడిది. అది పోగా మిగిలిన ఎఱుపే ఇప్పుడు తండ్రిగారి పటముపై కనబడుచున్నది. నేడు మంచి కలరు లాబులలో, వెండిపూత గల కాగితముపై కాంతితో ముద్రించు పటములు ఆనాటివానికంటె మిక్కిలి నిలుకడగలవి. వీధిచివర దుకాణములో సిరాయంత్రముపై అప్పటికప్పుడు వేసి యిచ్చునవి చౌకయే గాని, అందు పెక్కింటికి ఒక వానజల్లు చాలును. కావున పటమును ముద్రింపించువారు "ఇది ఏ కాగితము, ఏ యంత్రము?" అని యడుగుట గొంతెమ్మ కోరిక కాదు.

పూర్వము ఒక్కొక్క పటమునకును వెల కంటికి కనబడుచుండెడిది. 1888లో ఈస్ట్‌మన్ గారు అమెరికాలో కొడక్ కెమేరాను 25 డాలర్లకు అమ్మిరి. అందు 100 పటములకు సరిపడు ఫిల్ము ఉండెడిది. అవి పూర్తియైన పిదప కెమేరాతోగూడ కర్మాగారమునకు పంపి 10 డాలర్లు చెల్లించినచో, పటములను ముద్రించి, క్రొత్త ఫిల్మును వేసి తిరిగి పంపెడివారు. అనగా పటమునకు 10 సెంట్లు. 1900లో వచ్చిన బ్రౌనీ కెమేరా ఒక డాలరే. యంత్రమును చౌకగా నిచ్చి ఫిల్ముమీద ఆర్జించుట అప్పుడే మొదలైనది. మన దేశమున వెనుకటి తరమువారికి సుపరిచితమైన ఆగ్ఫా క్లిక్ కెమేరాలో ఒక చుట్టకు 12 పటములు వచ్చెడివి. చేతిలో పండ్రెండే యున్నవాడు పెండ్లిపందిరిలో ఎవరిని తీయవలెనో, ఎప్పుడు తీయవలెనో ఆలోచించి మఱీ మీట నొక్కును. ఆ ఆలోచనయే ఆనాటి పటములకు సగము అందము తెచ్చినదని మా తలంపు.

ఇప్పుడు మీట నొక్కుటకు వెల లేదు. అందుచేత ఒక్క పుట్టినరోజు పండుగకు నాలుగువందల పటములు తీయుదురు. వానిలో నాలుగైనను కాగితముపైకి రావు. తీయుటలో ఖర్చు పోయి, ఏరుటలోను దాచుటలోను ఖర్చు చేరినది. ఈ రెండవ ఖర్చు ఎవరును ముందుగా చెప్పరు గనుక, యంత్రమునకే సొమ్మంతయు పోసి, దాచుటకు పైసయైనను మిగుల్చుకొనని కుటుంబములు పెక్కు కనబడుచున్నవి.

యంత్రమును కొనబోవువానికి దుకాణములో మొట్టమొదట వినబడు మాట మెగాపిక్సెలు. ఒక మెగాపిక్సెలనగా పది లక్షల చుక్కలు. అంతకుమించి మర్మమేమియు లేదు. చేతిలో పట్టుకొని చూచెడి పటమునకు అంగుళమునకు 300 చుక్కలు చాలును. 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల పొడవు గల పటమునకు 1,200ను 1,800తో గుణించినచో 21,60,000 చుక్కలు. అనగా రెండు మెగాపిక్సెలులకు కొంచెము పైమాట. గోడకు తగిలించు 12 x 18 అంగుళముల పటమును అడుగు దూరమునుండి ఎవరును చూడరు. దానికి అంగుళమునకు 200 చుక్కలు చాలును, లెక్కకు 86,40,000. పదిరెండు మెగాపిక్సెలుల యంత్రముతో ఇంటింటి యవసరములు తీరుచుండగా, 50 అని పెట్టెపై వ్రాసినదని అధికముగా చెల్లించుట ఎందుకు? అట్టి సెల్‌ఫోనులలో పెక్కు నాలుగు చుక్కలను ఒకటిగా కలిపి పన్నెండింటికి దగ్గఱగానే పటమును దాచుకొనునని కొనువారిలో చాలమంది యెఱుగరు. గణితము నేర్చిన ఏడవ తరగతి బాలుడు ఈ లెక్కను దుకాణములో నిలుచుండి చేయగలడు. తండ్రిగారు వానిని వెంట గొనిపోవుట మంచిది.

చుక్కల సంఖ్యకంటె వానిపై పడు వెలుతురు ముఖ్యము. పెద్ద కెమేరాలలో బింబమును గ్రహించు సెన్సారు పలక 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు కలది. మధ్యరకమువానిలో దానికి సగముకంటె తక్కువ. సెల్‌ఫోనులో చిటికెనవ్రేలి గోటిపాటి యుండును. పట్టపగలు ఆరుబయట ఈ భేదము అంతగా కనబడదు. రాత్రి పందిరిలోనో, మసకవెలుతురు గదిలోనో బయటపడును. అయితే పెద్ద పలకగల కెమేరాను కొన్నవారు దానితో వచ్చిన సామాన్యపు లెన్సుతోనే కాలక్షేపము చేసి, "సెల్‌ఫోనే మేలు" అని పెట్టెలో పెట్టివేయుదురు. ఆ లెన్సును పూర్తిగా ముందుకు సాచినపుడు దాని ద్వారము తఱచుగా 5.6 అను గుర్తువఱకే తెఱచుకొనును. 50 మిల్లీమీటర్ల సాదా లెన్సు, 1.8 గుర్తు కలది, లెన్సులన్నిటిలోను చౌకవానిలో నొకటి. అది దానికంటె దాదాపు తొమ్మిదిన్నర రెట్లు వెలుతురును లోనికి రానిచ్చును. పాత కెమేరాకు ఈ యొక్క లెన్సును చేర్చినవాడు, క్రొత్త కెమేరాను కొన్నవానికంటె తఱచుగా మంచి పటమును తీయుట కలదు. ఏటి కొక్కమాఱు మాత్రమే కావలసిన దూరపు లెన్సును కొననేల? హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలో అట్టివి రోజు అద్దెకు దొరకును.

అద్దెకు గూడ ఇయ్యనక్కఱలేని వెలుతురు మన యిండ్లలోనే యున్నది. కొబ్బరితోటలో బిడ్డను నిలువబెట్టి తీయుట మన సీమవారికి మక్కువ. కాని ఆకుల సందులనుండి పడు ఎండ ముఖముపై మచ్చలుమచ్చలుగా కనబడును. అదే బిడ్డను పెంకుటింటి అరుగుమీద, చూరునీడలో, ఆకాశమువైపు మొగము త్రిప్పి కూర్చుండబెట్టినచో వెలుతురు మెత్తగా సమముగా పడును. విద్యుద్దీపములు రాకపూర్వము స్టూడియోలవారు ఉత్తరపువైపు అద్దపు కిటికీలు పెట్టించుకొన్నది ఇట్టి వెలుతురుకొఱకే. వారు సొమ్ము పోసి కట్టించుకొన్నది మన తాతలు అరుగు పేరుతో ఊరకే యిచ్చిపోయిరి.

వెలుతురు దిక్కు తెలిసినవానికి యంత్రము చిన్నదైనను ఎంత పని చేయునో చూడగోరువారు భీమేశ్వరాలయమునకు పోవలెను. పంచారామములలో నొకటియగు ఈ యాలయమును తూర్పు చాళుక్యరాజగు చాళుక్యభీముడు కట్టించెనని ప్రసిద్ధి. దీని గోడలపైనను స్తంభములపైనను గల శాసనములు వందలకొలది. దక్షిణభారత శాసనముల నాలుగవ సంపుటమున, 1923లో, వానిలో పెక్కింటిని అచ్చొత్తించిరి. శాసనమునకు ఎదురుగా నిలిచి సెల్‌ఫోను మెఱుపుదీపముతో తీసినచో అక్షరములు రాతిలో కలిసిపోయి చదునుగా కనబడును, ఏలయన దీపము లెన్సు ప్రక్కనే యుండుటచేత గాడులలో నీడ పడదు. ఎండ గోడవెంబడి ఏటవాలుగా జాఱు వేళకు పోయినచో ప్రతి గాడి యంచునను నీడ నిలిచి అక్షరము తేలును. ఎండ రాని మూలలో నున్నయెడల, మిత్రుడొకడు రెండవ ఫోను దీపమును ప్రక్కనుండి గోడకు ఆనునంత వాలుగా పట్టవలెను. మన పై తరగతి విద్యార్థులు దీనిని చేసి చూడవచ్చును. సుద్దపొడి పూయుట, నీరు చల్లుట మాత్రము కూడదు. అవి రాతికి చేటు. ఆలయము పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది గనుక, ఎక్కడ తీయవచ్చునో ఎక్కడ తీయరాదో అక్కడివారి నడిగియే పని మొదలిడవలెను.

ఇక మన సీమకు ప్రత్యేకమైన శత్రువును గూర్చి చెప్పవలసియున్నది. అది బూజు. గోదావరికాలువలు, వరిచేలు, సముద్రపుగాలి, వీనివలన ఇచ్చట గాలిలో చెమ్మ యెక్కువ. జూను మొదలు నవంబరువఱకు కెమేరాను బీరువాలో బట్టలనడుమ దాచినచో, లెన్సులోపలి గాజుపై సాలెపోగులవంటి సన్నని తీగలు ప్రాకును. ఆ బూజు విడుచు ఆమ్లము గాజుపూతను తినివేయును. పిమ్మట ఎంత తుడిచినను ఆ మచ్చ పోదు. అన్నిటికంటె చెడ్డది తోలుసంచి. అందముగా నుండునని దానిలోనే ఉంచుదురు గాని, తోలు చెమ్మను పట్టియుంచును. బియ్యపు డబ్బాలో పాతిపెట్టు వాడుకయు మంచిది కాదు. బియ్యము పీల్చు చెమ్మ స్వల్పము, దాని పొడి మాత్రము సందులలో దూఱును. బిగుతుమూత గల ప్లాస్టిక్కు డబ్బా యొకటి, సిలికాజెల్ గుళికలు గుప్పెడు చాలును. చెమ్మ పీల్చినపుడు గుళికలు రంగు మారును, నీలివి గులాబిరంగగును. అప్పుడు సన్నసెగపై వేడిచేసినచో మరల పనికివచ్చును. నీలివానిలో కోబాల్టు లవణముండును గనుక వంటపాత్రలో వేడిచేయరాదు, పసిపిల్లలకు అందనీయరాదు. లోపల చెమ్మ నూటికి 40 నుండి 50 పాళ్లలో నున్నచో లెన్సు క్షేమము. ఈ డబ్బాకగు ఖర్చు లెన్సు వెలలో ఇరువదవ వంతైనను కాదు. లెన్సును నెలకొక్కసారి వెలికితీసి వాడుచుండుట మఱొక మందు. దానికి ఖర్చే లేదు.

వాడిన కెమేరాను కొనువారు ఈ బూజునే ముందుగా చూడవలెను. లెన్సును కెమేరానుండి విడదీసి, వెనుకనుండి దీపము చూపి, లోపల తీగలుగాని మసకగాని యున్నవేమో పరిశీలింపవలెను. తరువాత షట్టరు ఎన్నిసారులు ఆడినదో అడుగవలెను. మోటారుబండికి తిరిగిన మైళ్లెట్టివో కెమేరాకు ఇది యట్టిది. బ్యాటరీ దొరకునా, ఛార్జరు అసలైనదేనా, కొన్ననాటి బిల్లు కలదా? గల్ఫు దేశములనుండి బంధువులు తెచ్చిన కెమేరాలు మన యిండ్లలో నెన్నియో కలవు. వాని వెల తక్కువయే కావచ్చును, కాని ఆ గ్యారంటీ మన దేశమున చెల్లునా యని కొనకముందే తెలిసికొనవలెను. చెల్లనియెడల మరమ్మతు ఖర్చు మనదే. వెలలో మిగిలినది అక్కడ పోవును. ఇచ్చట కొన్నవారు బిల్లును దాచుకొన్నచో, వివాదము వచ్చినపుడు వినియోగదారుల సహాయమునకు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

పరికరములకంటె ఎక్కువ సొమ్ము చేయిమారునది పెండ్లిండ్లలో. బేరమాడుట గోదావరివారికి నేర్పబనిలేదు. దేనిని గూర్చి బేరమాడవలెనో మాత్రము చెప్పెదము. పెక్కుమంది మొత్తమును తగ్గించుటకే పట్టుబట్టుదురు. ఛాయాగ్రాహకుడు సరేయని, ఆల్బము షీట్లు తగ్గించియో, తాను రాక శిష్యుని పంపియో ఆ తగ్గింపును సరిచేసికొనును. అతని నిందింపరాదు, అతనికిని ఇల్లు గడవవలెను. అందుకంటె, ఎవరు వచ్చెదరు, ఎన్ని కెమేరాలు, ఎన్ని షీట్లు, ఏ కాగితము, ఏనాటికి చేతికందును, అసలు ఫైళ్లన్నియు ఇచ్చెదరా, ఇవి కాగితముపై వ్రాయించుకొనుట లాభము. నమూనా చూపుమన్నపుడు పది పెండ్లిండ్లనుండి ఏరిన ముప్పది మేలుపటములను చూపుదురు. ఒక్క పెండ్లి ఆల్బమును మొదటినుండి తుదివఱకు చూడగోరవలెను. జీలకఱ్ఱ బెల్లము పెట్టు క్షణమున అతడెక్కడ నిలిచెను, తలంబ్రాలవేళ ముఖములు కనబడినవా, దేవాలయములోనైనను చర్చిలోనైనను దీపము వెలిగింపరాదన్నచోట ఏమి చేసెను, భోజనపంక్తిలో వృద్ధులను మఱచెనా, ఈ సంగతులు అందులో తెలియును. ముహూర్తములు ఒక్కదినముననే గుమికూడునపుడు ఎవరును ధర తగ్గింపరు. కుటుంబమంతయు కలిసి పటము తీయించుకొనుట వంటి పనులను ఆషాఢములోనో మూఢములోనో పెట్టుకొన్నచో స్టూడియోవారికి తీరికయు ఉండును, మాటయు వినుదురు.

అసలు ఫైళ్లనుగూర్చి అంత గట్టిగా చెప్పుటకు కారణము కలదు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి ఆఱవ నిజాముగారి కొలువున పేరుగాంచిన రాజా దీనదయాళుగారు (1844–1905) తీసిన అద్దపు నెగటివులు 2,800కు పైగా మిగిలియుండుటచేతనే 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు కొని భద్రపఱుప గల్గిరి. నెగటివున్నంతకాలము క్రొత్త పటము పుట్టుచునేయుండును. పల్లెటూరి స్టూడియోలు మూతబడినపుడు వాని నెగటివులు చెత్తలో కలిసినవి; వానితో ఎందఱి తల్లిదండ్రుల మొగములు పోయినవో లెక్కలేదు. నేటి నెగటివు ఈ ఫైలే. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, సొమ్మిచ్చి తీయించుకొన్న ఛాయాపటముపై, వేఱొక ఒడంబడిక లేనియెడల, మొదటి హక్కు తీయించుకొన్నవారిదే. అయినను హక్కుండుట వేఱు, వస్తువు చేతికి వచ్చుట వేఱు. ఆల్బముతోపాటు ఫైళ్లు చేతికందిన పిదపనే తుది వాయిదా చెల్లింతుమని ముందుగా ఒప్పుకొనుట మేలు.

పాసుపోర్టు, వీసా పటములపై ఒక్క మాట. అమెరికా వీసాకు 51 మిల్లీమీటర్ల చతురస్రము, ఐరోపా దేశముల షెంగెన్ వీసాకు 35 x 45 మిల్లీమీటర్లు. కొలత చెప్పక తీయించుకొని, దరఖాస్తు త్రిప్పిపంపగా మరల తీయించుకొనుట వట్టి నష్టము.

తీయించుకొన్నదానిని నిలుపుకొనుట ఎట్లు? వాట్సాపులో సాధారణముగా పంపిన పటము దారిలో చిన్నదై వచ్చును. తెరపై బాగుండును గాని గోడకెక్కింపబోగా మసకబారును. పత్రముగా పంపినయెడల యథాతథముగా చేరును. ప్రతి సంవత్సరము నాలుగువందలలో ఇరువదినాలుగు ఏరి మంచి కాగితముపై ముద్రింపించుడు. తక్కినవానికి మూడు ప్రతులుంచుడు: ఒకటి వాడుకలో, ఒకటి వేఱొక డిస్కులో, ఒకటి వేఱూరిలోని బంధువుల యింట. వేఱూరేల యందురా? 1986 ఆగస్టు గోదావరి వఱదను, 1996 నవంబరు తుపానును చూచినవారి నడుగుడు. ఇల్లంతయు తడిసినపుడు ఒకే బీరువాలోని మూడు ప్రతులును ఒక్కటే.

ఆల్బములు తడిసినచో వానిని ఎండలో పడవేయరాదు. అట్లే యెండినచో పటములు ఒకదానికొకటి అంటుకొని మరల విడివడవు. తడిగా నున్నపుడే ఒక్కొక్కటి విడదీసి, బురదను చల్లని మంచినీటిలో ముంచి పోగొట్టి, పైముఖమును తుడువక, నీడలో బట్టపై పఱచి ఆరబెట్టవలెను. అన్నిటిని ఒక్కనాడు చేయ వీలుకానిచో, సంచిలో చుట్టి మంచుపెట్టెలోని గడ్డకట్టు అఱలో ఉంచి తీరికగా కొన్నికొన్ని తీసి చేయవచ్చును. ఫ్రేము అద్దమునకు అంటుకొన్న పాతపటమును లాగరాదు; అద్దముతోనే అరుగునీడలో పెట్టి, మెఱుపుదీపము లేకుండ పైనుండి తీసినచో ప్రతి వచ్చును. విడిగానున్న చిన్న పటములను అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేయించినచో రెండింతల పరిమాణమున ముద్రింపవచ్చును.

ఇన్నియు చేసినను, పటములోనివా రెవరో తెలియకున్నచో అది పరుల పటమే. పాత పాఠశాలల బృందచిత్రములలో మూడు వరుసల బాలురుందురు. పేళ్లు తెలిసినవా డొక్కడును మిగులడు. వెనుకవైపున అంచుమీద మెత్తని పెన్సిలుతో, ఎడమనుండి కుడికి, వరుసవారీగా పేళ్లు, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. సిరా ఊరి ముందువైపునకు మచ్చ వేయును, బాలుపెన్ను గాడి వేయును. పెన్సిలు రెండును చేయదు. ఈ సెలవులలో విద్యార్థులు తమ యింటిలోని పటములను దింపి, నాయనమ్మగారి ప్రక్కన కూర్చుండి, ఆమె చెప్పుచుండగా వ్రాసికొన్నచో ఒక పూటలో ముగియు పని.